పెన్సిళ్ల పెట్టె

మా కోనసీమ బడిలో నాలుగో తరగతిది రోజూ ఒకటే పంచాయితీ: "మాస్టారూ, నా రబ్బరు వీడు తీశాడండీ." తీర్పు చెప్పేసరికి పావుగంట పోయేది.

ఆత్రేయపురం పూతరేకుల ఖాళీ అట్టపెట్టెలో (చీమలు పట్టకుండా తుడిచి, ఎండబెట్టాకే లెండి) 10 పెన్సిళ్లు, 4 రబ్బర్లు వేసి కిటికీలో పెట్టాను. ఎవరినీ అడగక్కరలేదు. తీసుకున్నవారు పక్కనున్న కాగితం మీద పేరు రాయాలి, చివరి గంటకు ముందు తిరిగి పెట్టి ఆ పేరు కొట్టేయాలి. లెక్క చూసేది పిల్లలే, వారానికి ఇద్దరు చొప్పున.

ఒకటి తగ్గిందని సంచులు మాత్రం వెతకకండి. నేను ఒకసారి వెతికాను. మర్నాడు పెట్టెను ఒక్కరూ ముట్టుకోలేదు. ఇప్పుడు నల్లబల్ల మీద "9" అని రాసి ఊరుకుంటున్నాను. పరీక్షలప్పుడు పది చాలవు, ఇరవై వేయాలి.