నిప్పు మీద వంట – 3వ పాఠం: సాతే, ఊరికో తీరు

గత పాఠంలో బొగ్గు రాజేయడం, మంట దిగి పైన తెల్లటి బూడిద పొర పట్టేదాకా ఓపిక పట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఆ నిప్పు మీదకు సాతే ఎక్కిస్తాం.

మన రెస్టారెంట్లలో సాతే అడిగితే పుల్లకు గుచ్చిన చికెన్, పక్కన గిన్నెలో పల్లీల సాస్ వస్తాయి. దాంతో పల్లీల సాస్ ఉంటేనే సాతే అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. ఇండోనేషియాలో పల్లీ వాసన కూడా తగలని సాతేలు బోలెడు. ఈ పాఠం పూర్తయ్యేసరికి ప్లేటు చూసి అది ఏ ప్రాంతం వాటమో పోల్చుకోగలగాలి, ఒక రకాన్ని ఇంట్లో చేయగలగాలి. అందుకని సాస్‌ని కాసేపు పక్కన పెట్టండి. ముక్క ఎలా కోశారు, కాల్చకముందు ఏం పట్టించారు, తీపి ఏ దశలో తగిలింది – ఈ మూడూ గమనిస్తే చాలావరకు దొరికిపోతుంది.

సాతేకి పుట్టిల్లు జావా. 19వ శతాబ్దం మొదట్లో అరబ్బు వర్తకులు, గుజరాతీ, తమిళ ముస్లింలు జావా రేవు పట్టణాల్లో ఎక్కువగా స్థిరపడుతున్న కాలంలో, వాళ్ళ కబాబులు చూసి అక్కడి వీధి వ్యాపారులు మొదలుపెట్టారని ఎక్కువమంది చెప్పే మాట. అయితే చూసింది చూసినట్టు చేయలేదు. ముక్క బాగా చిన్నదైంది. ఇనుప ఊచ పోయి వెదురు పుల్ల వచ్చింది, కొన్నిచోట్ల కొబ్బరి ఈనె. అమ్మేవాడికి దుకాణం లేదు, భుజాన కావడి ఉంది. ఒక తట్టలో కుంపటి, ఇంకో తట్టలో మాంసం, సాస్, ఆకులు. ఎవరైనా పిలిస్తే అక్కడే దించి, విసనకర్రతో విసిరి, నాలుగైదు నిమిషాల్లో కాల్చి చేతిలో పెట్టాలి. పెద్ద ముక్క పెడితే కొనేవాడు అంతసేపు నిలబడడు. సాతే ముక్క చిన్నదవడానికి రుచి కంటే ఈ కావడే పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక పల్లీ సంగతి. అది దక్షిణ అమెరికా పంట, యూరప్ వాళ్ళ ఓడలెక్కి ఆసియాకు వచ్చింది. మిరపకాయదీ అదే దారి. పల్లీల సాస్ లేకపోతే సాతే కాదనేవాళ్ళకు ఈ ఒక్క సంగతి గుర్తుచేస్తే చాలు.

అయినా ఆ సాస్‌కి అంత పేరు తెచ్చిపెట్టినవాళ్ళు మదురా ద్వీపం వాళ్ళు. సురబయా నగరానికి ఎదురుగా, సన్నటి జలసంధికి అవతల ఉంటుంది మదురా. వర్షాలు తక్కువ, నేల సారం అంతంత మాత్రం. బతుకుతెరువు కోసం జావా నగరాలకు వలస వచ్చినవాళ్ళలో చాలామంది సాతే అమ్మకం పట్టుకున్నారు. పడవ ఆకారంలో చేయించిన బండ్లు ఇప్పటికీ జకార్తా వీధుల్లో కనిపిస్తాయి. బరాక్ ఒబామా చిన్నప్పుడు ఆ నగరంలోనే పెరిగాడు కదా, 2010 నవంబరులో అక్కడి యూనివర్సిటీలో మాట్లాడుతూ సాతే అమ్మేవాళ్ళ కేక తనకు ఇంకా గుర్తుందని చెప్పి, ఆ కేక వేసి మరీ చూపించాడు. హాలంతా చప్పట్లు.

మనం చేయబోయేది ఈ మదురా చికెన్ సాతేనే.

ముందు తీపి సోయా సాస్. అక్కడ కేచాప్ మానిస్ అంటారు. సూపర్‌మార్కెట్‌లో దొరక్కపోతే 100 మిల్లీలీటర్ల మామూలు సోయా సాస్‌లో 100 గ్రాముల తాటి బెల్లం తురిమి వేసి, సన్న సెగ మీద పది నిమిషాలు మరిగించండి. గరిటె వెనక పట్టుకుని నెమ్మదిగా జారితే చాలు, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. తాటి బెల్లమే ఎందుకంటే, జావాలో కూడా ఈ సాస్‌లో పడేది కొబ్బరి, తాటి జాతి చెట్ల కల్లు కాచి తీసిన బెల్లమే. చెరకు బెల్లం వేస్తే పాడైపోదు కానీ ఆ కమ్మటి పొగ వాసన రాదు.

పల్లీల సాస్‌కి 150 గ్రాముల పల్లీలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు మూడు ఎండుమిర్చి. అన్నిటినీ విడివిడిగా నూనెలో వేయించి, కలిపి మెత్తగా రుబ్బండి. అక్కడ చిక్కదనానికి కెమిరి అనే గింజ వేస్తారు, మనం నాలుగు జీడిపప్పులతో సరిపెట్టుకోవచ్చు. ఈ ముద్దలో గ్లాసున్నర నీళ్ళు, చిన్న బెల్లం ముక్క, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. తొందరపడి ముందే దించితే పచ్చివాసన వస్తుంది. నూనె తేలడమే గుర్తు, గడియారం చూడక్కర్లేదు.

చికెన్ అరకిలో, బోన్‌లెస్ లెగ్ అడగండి. బ్రెస్ట్ పీస్ వద్దు, నిప్పు మీద ఎండిపోతుంది. వేలి వెడల్పు ముక్కలుగా, కండ పోగులకు అడ్డంగా కోయాలి. చర్మం ఉంచమని చికెన్ కొట్టువాడికి ముందే చెప్పండి, చెప్పకపోతే పీకేసి ఇస్తాడు. పుల్లకు నాలుగు ముక్కలు, మధ్యలో ఒకటి చర్మం ముక్క. దాని కొవ్వు కరిగి మిగతా వాటి మీదకు కారుతుంది. మేక సాతేలో కూడా ఇదే ఉద్దేశంతో పుల్లకు ఒక కొవ్వు ముక్క గుచ్చుతారు. పుల్ల మొన బయటికి కనిపించకూడదు, చివరి ముక్కలో దాగిపోవాలి. లేదంటే ముందు కాలేది అదే.

ఇప్పుడు అసలు మెళకువ. బెల్లం నిప్పు తగలగానే నల్లబడుతుంది. మొదట్లోనే తీపి సాస్ పట్టించి కాలిస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అందుకే ముందు కొంచెం ఉప్పు, నూనె మాత్రమే రాసి, రంగు మారేదాకా రెండు వైపులా కాల్చండి. సగం ఉడికాక తీసి, రెండు చెంచాల పల్లీల సాస్, మూడు చెంచాల తీపి సోయా సాస్, ఒక చెంచా నూనె కలిపిన పళ్ళెంలో పొర్లించి, మళ్ళీ నిప్పు మీద పెట్టండి. ఇక అక్కడి నుంచి కదలొద్దు. పావు నిమిషానికోసారి తిప్పుతూ, విసురుతూ ఉండాలి. అంచుల్లో నల్లటి చుక్కలు పడి, పైన మెరుపు వచ్చిందంటే అయిపోయినట్టే. పెద్ద ముక్కను కోసి చూడండి, లోపల గులాబీ రంగు ఉంటే ఇంకో నిమిషం. సగం ఉడికిన చికెన్ పొర్లించిన పళ్ళెంలోని సాస్‌ని తినేటప్పుడు వాడకండి, వడ్డనకు వేరేగా తీసి ఉంచుకోవాలి.

కుంపటి వెడల్పు తక్కువైతే మేలు. మాంసం నిప్పు మీద, పుల్ల చివర బయట ఉండాలి. సాతే పొయ్యిలు సన్నటి తొట్టెల్లా పొడుగ్గా ఉండేది ఇందుకే. వడ్డించేటప్పుడు పైన పల్లీల సాస్, ఇంకొంచెం తీపి సోయా, పచ్చి ఉల్లిపాయ తరుగు, నిమ్మకాయ పిండితే చాలు. అక్కడ తోడుగా లోంతోంగ్ తింటారు, అరటాకులో చుట్టి గట్టిగా ఉడికించిన అన్నం. మనకు మిగిలిన అన్నం ఉంది కదా.

చేయి కుదిరాక మిగతా తీరులు చూద్దాం. యోగ్యకర్తా దగ్గర బాంతుల్‌లో దొరికే సాతే క్లాతక్ మదురాకి పూర్తిగా ఎదురు. లేత గొర్రె మాంసం, ఉప్పు, అంతే. సోయా లేదు, పల్లీ లేదు. పుల్ల బదులు సైకిల్ చక్రం ఇనుప ఊచ వాడతారు. ఊచ వేడెక్కి ఆ వేడిని ముక్క మధ్యకు చేరుస్తుంది కాబట్టి ముక్కలు పెద్దగా ఉన్నా లోపలి దాకా ఉడుకుతాయి. వెదురుకి ఆ పని రాదు. పక్కన పలచటి కొబ్బరిపాల పులుసు ఇస్తారు. నాకైతే సాతేలన్నిటిలో ఇదే పెద్ద పరీక్ష. మాంసం మంచిది కాకపోతే దాచుకోవడానికి ఏమీ ఉండదు.

పశ్చిమ సుమత్రాలోని సాతే పడాంగ్‌లో గొడ్డు మాంసం, నాలుక, గుండె ముక్కల్ని ముందు మసాలాలో ఉడికించి, తర్వాతే గుచ్చి కాలుస్తారు. ఆ ఉడికించిన రసంలోనే బియ్యప్పిండి కలిపి చిక్కటి సాస్ చేసి పైన పోస్తారు. పడాంగ్ పంజాంగ్ వాళ్ళది పసుపు రంగు, పరియామాన్ వాళ్ళది మిరప ఎరుపు. తీపి దాదాపు లేదు.

బాలిలో సాతే లిలిత్‌కి ముక్కలే ఉండవు. చేపనో కోడినో పంది మాంసాన్నో ఖీమా చేసి, కొబ్బరి తురుము, మసాలా ముద్ద వేసి, జిగురు వచ్చేదాకా గారెల పిండిలా కలిపి నిమ్మగడ్డి కాడ చుట్టూ అద్దుతారు. మళ్ళీ జావాకి వస్తే, సోలో నగరంలో మేక ఖీమాని పేగుల చుట్టూ ఉండే కొవ్వు పొరలో చుట్టి కాలుస్తారు, పేరు సాతే బుంతెల్. జావాలోనే పోనోరోగోలో కోడిని ముక్కలుగా కాక పొడుగాటి పట్టీలుగా కోస్తారు. అక్కడి తెగాల్ వాళ్ళు అయిదు నెలలు దాటని మేకపిల్ల కావాలంటారు.

సముద్రం దాటినవాటి గురించి క్లుప్తంగా. మలేషియాలో సాతేకి పేరున్న ఊరు కాజాంగ్. ముక్కలు పెద్దవి, పల్లీల సాస్‌తో పాటు వేయించిన మిరప ముద్ద విడిగా ఇస్తారు. సింగపూర్‌లో ఉన్న మనవాళ్ళకు లావ్ పా సాత్ అనే ఫుడ్ కోర్టు పక్కన బూన్ టాట్ వీధి తెలిసే ఉంటుంది, సాయంత్రం కాగానే కార్లు ఆపేసి రోడ్డు మీదే కుంపట్లు పెడతారు. చితక్కొట్టిన నిమ్మగడ్డి కాడనే బ్రష్‌గా చేసుకుని నూనె రాసే అలవాటు ఈ ప్రాంతానిదే, మీరూ చేసి చూడండి. థాయ్‌లాండ్‌లో పంది మాంసానికి కొబ్బరిపాలు, పసుపు పట్టించి, పక్కన వెనిగర్, చక్కెరలో ఊరిన దోసకాయ ముక్కలు పెడతారు. ఫిలిప్పీన్స్‌లోని జాంబోవాంగాలో పొద్దున్నే టిఫిన్‌గా ఎర్రటి సాస్‌లో మునిగిన సాతే తింటారు. 1890 నుంచి జావా కూలీలు వెళ్ళిన సురినామ్‌లోనూ అది ఇంటి వంటే. నెదర్లాండ్స్‌లో అయితే పల్లీల సాస్‌ని ఆలూ ఫ్రైస్ మీద పోసుకుంటారు. ఆ పల్లీల సాసే సాతే అన్న అపోహ ప్రపంచమంతా పాకడంలో వాళ్ళ చేయి తక్కువేం కాదు.

అభ్యాసం: ప్లేటులో గొర్రె ముక్కలు లోహపు ఊచకు ఉన్నాయి, సాస్ లేదు. రెండో ప్లేటులో మాంసం పసుపు రంగు గంజిలాంటి సాస్‌లో ఉంది, తియ్యగా లేదు. మూడో దానిలో పుల్ల బదులు పచ్చటి కాడ ఉంది, కొబ్బరి తగులుతోంది. ఏవి ఏ ప్రాంతానివో పాఠం మళ్ళీ చూడకుండా రాసుకోండి. ఈ వారంలో మదురా సాతే ఒకసారి రెండు విధాలుగా చేసి చూడండి: కొన్ని పుల్లలకు తీపి మొదట్లోనే పట్టించి, మిగతావాటికి సగం కాలాక పట్టించి. తేడా నోటికి తెలియాలి.

వచ్చే పాఠంలో పడాంగ్ సాస్. దానికి బియ్యప్పిండి, ధనియాలు, జీలకర్ర, పచ్చి పసుపు కొమ్ము, అల్లం, నిమ్మగడ్డి సిద్ధం చేసుకోండి. దుంపరాష్ట్రం కూడా కావాలి. కూరగాయల మార్కెట్లో దొరకడం కష్టం, ఆయుర్వేద మూలికల కొట్లో ఎండుది అమ్ముతారు. ముందురోజు రాత్రి నానబెట్టాలి.