సంక్రాంతి ప్రయాణానికి ముందు: ఫాగ్ లైట్లు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆర్పాలి

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున హైదరాబాద్–విజయవాడ హైవే ఎక్కేవాళ్లకు నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామల మధ్య ఎక్కడో ఒకచోట మంచు తగులుతుంది. గోదావరి జిల్లాల్లో కాలువలు, తడి చేల పక్కన పోయే రోడ్ల మీద ఇంకాస్త చిక్కగా పడుతుంది. పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి ఘాట్లలో అయితే మలుపు మలుపుకీ దాని తీరు మారిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లే కార్లన్నీ సరిగ్గా ఈ రోజుల్లోనే రోడ్డెక్కుతాయి. టైర్లలో గాలి చూసుకున్నట్టే ఫాగ్ లైట్ల సంగతీ ముందే చూసుకోవాలి. వాటిని వేయడం అందరికీ వచ్చు. అవసరం తీరాక ఆర్పడమే చాలామంది మర్చిపోతున్నారు, ప్రమాదం అక్కడే ఉంది.

ముందు లైటు చేసే పని

ముందు ఫాగ్ లైటు దూరం చూపించడానికి పెట్టింది కాదు. బంపర్ అడుగున, నేలకు దగ్గరగా ఉండి వెలుగును వెడల్పుగా పరుస్తుంది. ఆ వెలుగు ఒక ఎత్తు దాటి పైకి పోదు. మంచులో పనికొచ్చే గుణం అదే. హై బీమ్ వేస్తే వెలుగు మంచు బొట్ల మీద పడి తిరిగి డ్రైవరు కళ్లలోకే వస్తుంది, ఎదురుగా తెల్ల గోడ లేచినట్టు ఉంటుంది. కాబట్టి చిక్కటి మంచులో లో బీమ్, దానికి తోడు ముందు ఫాగ్ లైట్లు, అంతే. వీటితో రోడ్డు అంచు గీత, డివైడర్ మొదలు దగ్గర్లో తేటగా కనిపిస్తాయి. అంతకు మించి ఆశించి వేగం పెంచకూడదు.

పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. మంచు బొట్లు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపు కొందరి కంటికి హాయిగా ఉండొచ్చు. పని చేసేది మాత్రం లైటు బిగించిన ఎత్తు, వాలు.

మంచు లేని రాత్రి ఇవే లైట్లు వేసుకుని పోతే బండి ముందు పది మీటర్ల నేల తెల్లగా వెలిగిపోతుంది. కన్ను ఆ వెలుగుకు అలవాటు పడుతుంది. అప్పుడు 80 మీటర్ల అవతల టెయిల్ లైటు లేకుండా నిలబెట్టిన చెరుకు ట్రాలీ చీకట్లో కలిసిపోతుంది. రోడ్డు బాగా కనిపిస్తోందనే డ్రైవరు అనుకుంటాడు, కనపడాల్సిన ట్రాలీ ఒక్కటే కనపడదు. వానలో ఇంకా చెడ్డది. కింద నుంచి పడే వెలుగు తడి తారు మీద నుంచి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. పైగా గాజు లెన్స్ ఉన్న లైటు వేడెక్కి ఉన్నప్పుడు గుంతలో నీళ్లు చింది పడితే పగిలిపోతుంది.

100 మీటర్లు ఎలా కొలవాలి

ఎదురుగా 100 మీటర్లకు మించి కనిపిస్తుంటే ఫాగ్ లైట్ల అవసరం లేదు. బ్రిటన్‌లో హైవే కోడ్ చెప్పేదీ ఈ 100 మీటర్లే. జర్మనీలో వెనక ఫాగ్ లైటు 50 మీటర్ల లోపు మాత్రమే వేయాలి, వేసినంతసేపూ వేగం గంటకు 50 కి.మీ. దాటకూడదు. అక్కడ కారు నడిపే మనవాళ్లకు ఇది సలహా కాదు, చట్టం.

రోడ్డు మీద కొలవడానికి సెకన్లు లెక్కపెట్టడం తేలిక. 40 కి.మీ. వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ముందున్న చెట్టో రాయో మొదటిసారి కనిపించిన క్షణం నుంచి దాన్ని దాటేదాకా 9 సెకన్లు పడితే చూపు 100 మీటర్లు. నాలుగున్నర సెకన్లే పడితే 50. రేడియం బోర్డును గుర్తుగా పెట్టుకోవద్దు, అది మామూలు వస్తువుల కంటే ముందే మెరుస్తుంది. తెల్లవారక ముందైతే ముందు పోయే బండి టెయిల్ లైటు ఎంత దూరంలో మాయమవుతుందో చూసుకోవాలి.

వెనక ఫాగ్ లైటు

ఎక్కువ హాని దీనితోనే. బల్బులున్న కార్లలో టెయిల్ లైటు 5 వాట్లు, బ్రేక్ లైటు 21 వాట్లు, వెనక ఫాగ్ లైటు కూడా 21 వాట్లే. అంటే అది వెలుగుతున్నంతసేపూ ఒక బ్రేక్ లైటు ఆగకుండా వెలుగుతున్నట్టే లెక్క. 50 మీటర్ల మంచులో వెనక నుంచి వచ్చే లారీకి మీరు అక్కడ ఉన్నారని తెలిసేది దానివల్లే. తేట గాలిలో అదే లైటు మీ బ్రేక్ లైటును మింగేస్తుంది. మీరు బ్రేకు నొక్కినా వెనకవాళ్లకు అప్పటికే ఎర్రగా మండుతున్న కారుకు ఇంకో ఎరుపు తోడైందంతే. ఆ తేడా పట్టుకోవడానికి పట్టే అర సెకను 80 కి.మీ. వేగంలో 11 మీటర్లు. ఈ ఇబ్బంది ఉందనే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో వెనక ఫాగ్ లైటుకూ బ్రేక్ లైటుకూ మధ్య 100 మి.మీ. పైగా ఎడం ఉండాలని రాశారు.

చూపు 50 మీటర్లకు పడిపోతే వేయండి. వెనక ఒక బండి చేరి దాని లైట్లు మీ అద్దంలో నిలకడగా కనిపిస్తుంటే ఆర్పేయండి, వాళ్లు మిమ్మల్ని చూశారు. వాళ్లు వెనకబడి మాయమైతే మళ్లీ వేయండి. టోల్ ప్లాజా వరసలో, ట్రాఫిక్ జామ్‌లో, ఊళ్లోకి రాగానే ఆర్పాలి. చాలా కార్లలో ఇది డ్రైవరు వైపు ఒక్కటే ఉంటుంది, రెండోది మాడిపోయిందని మెకానిక్ దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు.

డ్యాష్‌బోర్డు మీద గుర్తులు చూసి పెట్టుకోండి. ముందు ఫాగ్ లైటుది ఆకుపచ్చ, గీతలు ఎడమ వైపు కిందికి వాలి ఉంటాయి. వెనకది పసుపు, గీతలు కుడి వైపు తిన్నగా ఉంటాయి. రెండిట్లోనూ ఆ గీతల మీదుగా నిలువున ఒక వంకర గీత పోతుంది. కారు కడిగించాక, సర్వీసు నుంచి తెచ్చాక లైట్ల స్విచ్చి రింగు తిరిగిపోయి పసుపు గుర్తు వెలుగుతూ ఉండటం తరచూ జరిగేదే.

బయలుదేరే ముందు రోజు చేయాల్సింది

వాలు సరిచూడటానికి చదునైన నేల, గోడ చాలు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, డ్రైవరు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, లైటుకూ గోడకూ మధ్య 7.5 మీటర్లు ఉండేలా కారు నిలపండి. నేల నుంచి ఫాగ్ లైటు నడిబొడ్డు ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో గీత గీయండి. వెలుగు పైఅంచు ఆ గీతకు 10 నుంచి 15 సెం.మీ. దిగువన పడాలి. గీత దాటి పైకి పోతుంటే బంపర్ వెనక ఉండే స్క్రూ తిప్పి దించాలి. డిక్కీ నిండా పిండివంటలు, బియ్యం బస్తా, వెనక ముగ్గురు అంటే బండి ముందు భాగం లేస్తుంది. ఆ బరువుతోనే చూసుకుంటే మరీ మంచిది. హెడ్‌లైట్ల ఎత్తు మార్చే చక్రం ఉంటే దాన్నీ దించండి.

హాలోజన్ డొప్పలో ఎల్ఈడీ, హెచ్ఐడీ (ఫిలమెంట్ బదులు గ్యాస్‌తో వెలిగే) బల్బులు దూర్చొద్దు. లోపలి అద్దం వంపును ఫిలమెంట్ ఉండే చోటును బట్టి చేస్తారు. వెలుగు పుట్టే చోటు రెండు మి.మీ. జరిగినా పైఅంచు చెదిరి మంచులోకీ ఎదుటివాళ్ల కళ్లలోకీ పోతుంది. 55 వాట్ల చోట 100 వాట్లది పెడితే హోల్డరు కరుగుతుంది. బయట నుంచి జత కొనిపెట్టించే పక్షంలో రెండు 55 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. కాబట్టి రిలే (ఎక్కువ కరెంటు స్విచ్చి మీదుగా పోకుండా చూసే పరికరం), 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మి.మీ. వైరు తప్పనిసరి. పార్కింగ్ లైటు వైరు గీకి అతికిస్తే స్విచ్చి కాలుతుంది. టాపు మీద, బుల్ గార్డు మీద బిగించే ఎల్ఈడీ బార్లు ఫాగ్ లైట్లు కావు, హై బీమ్ కంటే హీనంగా కళ్లు బైర్లు కమ్మిస్తాయి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం కింద చట్టం ఒప్పని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

పొద్దెక్కాక, ఘాట్లలో

మంచు అన్నిటికంటే చిక్కగా ఉండేది సూర్యోదయం చుట్టుపక్కల. అప్పటికే వెలుతురు ఉంటుంది కాబట్టి ఆటో మోడ్‌లో పెట్టిన హెడ్‌లైట్లు చాలా కార్లలో వెలగవు. ముందు డీఆర్ఎల్ (పగటిపూట దానంతటదే వెలిగే లైటు) వెలుగుతుంటుంది, డ్రైవరు లైట్లు ఉన్నాయనుకుంటాడు. కానీ ఎన్నో కార్లలో డీఆర్ఎల్‌తో టెయిల్ లైట్లు రావు, వెనక అంతా చీకటే. మంచు పట్టగానే హెడ్‌లైటు చేత్తోనే వేయాలి.

కదులుతున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయడం మానండి. లేను మారుతున్నారో లేదో వెనకవాళ్లకు తెలియదు, బండి ఆగి ఉందనుకుని సడన్ బ్రేకు వేస్తారు. అవి ఆగిపోయిన బండికే.

తడి రోడ్డు మీద, కాలు బ్రేకు మీదకు పోవడానికి ఒకటిన్నర సెకన్లు కలుపుకొని లెక్కేస్తే, 40 కి.మీ. వేగంలో బండి ఆగడానికి సుమారు 30 మీటర్లు, 60లో 53, 80లో 82 మీటర్లు కావాలి. 50 మీటర్లే కనిపిస్తుంటే 60 కూడా ఎక్కువే. మంచులో ఎడమ అంచు గీత పట్టుకుని పొమ్మని చాలామంది చెబుతారు. మన హైవేల మీద ఆ అంచునే లారీలు ఆపి ఉంటాయి. గీతను చూస్తూ ఉండాలి గానీ దాని మీదే పోకూడదు.

ఘాట్లో మంచు తెరలు తెరలుగా వస్తుంది. ఒక మలుపులో ఏమీ ఉండదు, మరుసటి మలుపులో బానెట్టు దాటి కనపడదు. ప్రతి తెర దాటగానే వెనక లైటు ఆర్పడం అక్కడ ఓపికతో చేయాల్సిన పని. ఎదురు బండికి దారి ఇచ్చేటప్పుడు హై బీమ్‌తో డిప్పర్ కొట్టొద్దు, మలుపుకు ముందు హారన్ చాలు.

ఒక్కోసారి మంచు బయట కాదు, అద్దం మీద ఉంటుంది. లోపలి వైపు పడితే ఏసీ వేసి, గాలి బయట నుంచి తీసుకునేలా పెట్టి, వేడి గాలిని ముందు అద్దం మీదకు తిప్పండి. కోస్తాలో ఏసీ మరీ చల్లగా పెడితే అద్దం బయటి వైపు చెమ్మ పడుతుంది. వైపర్ ఒకసారి తిప్పి చెమ్మ పోతే చలువ తగ్గించండి.

ఏమీ కనిపించక ఆగాల్సి వస్తే రోడ్డు మీదా మార్జిన్‌లోనూ ఆగొద్దు. పెట్రోలు బంకులోకో దాబా ఆవరణలోకో బండిని పూర్తిగా దించాక వెనక ఫాగ్ లైటు ఆర్పండి. బండి రోడ్డు మీదే చెడిపోతే నాలుగు ఇండికేటర్లూ, వెనక ఫాగ్ లైటూ వేసి, అందరినీ ఎడమ తలుపుల నుంచి దించి, రెయిలింగు అవతలికి పంపండి. ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్లు, అంటే దాదాపు 70 అంగలు వెనక్కి నడిచి పెట్టాలి. ఆ నడక రోడ్డు మీద కాదు, రెయిలింగు అవతల నుంచే.