పెరట్లో కోళ్ల గూడు, కంచె: ముంగిస దూరకుండా కట్టడం ఎలా?

పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకుందామనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, పైన ఏ రేకులు వేయాలని. రెండోది, దానికి ఏ రంగు వేయాలని. జాలీ కింది అంచును నేలకు ఎలా కలపాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. కోళ్లు పోయేది అక్కడే.

మా ఖమ్మం వైపు నల్లరేగడిలోనూ, కోస్తాలో చుట్టాల ఇళ్ల దగ్గర ఇసుక నేలలోనూ కలిపి డజనుకు పైగా గూళ్లు కట్టాను. మొదటిది కట్టినప్పుడు నాకూ ఏమీ తెలియదు. రాత్రి తలుపేసి తాళం కూడా పెట్టేవాణ్ణి. ఓ రోజు మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసి లేచేసరికి ఆరు పెట్టలు, ఒక పుంజు మెడలు కొరికి పడున్నాయి. తినింది ఒక్కదాన్నే, అదీ సగం. జాలీ కింద నా పిడికిలి పట్టేంత గుంట. రాత్రి జాగ్రత్తగా ఉంటే చాలనుకున్నాను కానీ ముంగిస పగలు తిరిగే జంతువని నాకు ఎవరూ చెప్పలేదు. బావురుపిల్లి, పునుగుపిల్లి, పందికొక్కు చీకట్లో వస్తాయి. ముంగిస, గద్ద, డేగ మనం కళ్లు తెరుచుకుని ఉండగానే వస్తాయి. కాబట్టి గూడు ఎంత గట్టిగా ఉండాలో కోళ్లు తిరిగే ఆవరణ కూడా అంతే గట్టిగా ఉండాలి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

ఉచ్చు పెడదాం, మందు పెడదాం అనే సలహాలు వింటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసకూ బావురుపిల్లికీ రక్షణ ఉంది. వాటి జోలికి వెళ్తే కేసు. పైగా మందు తిని చచ్చేది ముందు పక్కింటి కుక్క.

కొలతలు, సామాను

పది కోళ్లకు లెక్క చెబుతున్నాను. గూడు 4 × 6 అడుగులు, దానికి ఆనుకుని ఆవరణ 8 × 12 అడుగులు. గూట్లో కోడికి రెండు అడుగుల పైచిలుకు, బయట పది చదరపు అడుగుల దాకా వస్తుంది. అంతకంటే ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. ఇదే కొలతలో పాతిక కోళ్లు పట్టవా అని అడక్కండి. పడతాయి, బస్సులో పట్టినట్టు.

స్తంభాలకు సరుగుడు బాదులు గానీ, ఒక అంగుళం చదరపు ఇనుప పైపులు గానీ. బాదులైతే నేలలో దిగే రెండు అడుగుల భాగాన్ని మంటలో పైపైన కాల్చి తారు పూయండి, లేకపోతే రెండేళ్లలో చెదలు తినేస్తాయి. మా వైపు రాతి కడీలు దొరుకుతాయి. అవి దొరికే ఊళ్లో ఉంటే ఇంకేమీ ఆలోచించకండి. పైకప్పుకు రేకులు, గూటి అడుగుకు షాబాదు బండలు, బైండింగ్ వైర్, కటింగ్ ప్లేయర్, గడ్డపార, పార. పనివాళ్లు ఇద్దరుంటే రెండు రోజుల పని.

గూడు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండాలి. అప్పుడు ఎండ లోపలికి నేరుగా కొట్టదు. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే దానికున్న దారి. నాలుగు వైపులా చెక్కలు కొట్టి పెట్టెలా చేసిన గూట్లో కోళ్లు ముంగిస రాకముందే ఉడికి చస్తాయి. ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ గూళ్లు చాలావరకు అలాంటివే, చలిదేశాల బొమ్మ చూసి చేసినవి. ఒకటి తెప్పించుకున్న మా చుట్టం ఇప్పుడు అందులో పాత పేపర్లు పెట్టుకున్నాడు. గూటికి పడమటి గోడ మాత్రం మూసి, మిగతా మూడు వైపులా జాలీయే ఉంచండి. ఆవరణ సగానికైనా నీడ కావాలి. మునగ చెట్టు కింద కడితే మరీ మంచిది.

అడుగున బండలు పరిచి సందులు సిమెంటుతో పూడ్చండి. గూటి లోపలికి నేలలోంచి ఏదీ రాకుండా ఆ బండలే చూసుకుంటాయి. స్తంభాలు పాతడం, రేకులు బిగించడం మీ ఊరి వడ్రంగికో వెల్డర్‌కో కొత్త కాదు, వాళ్లకు వదిలేయండి.

జాలీ దగ్గర మోసపోకండి

షాపుకెళ్లి 'కోళ్ల జాలీ' అంటే తేనెపట్టు గళ్లలా ఆరు మూలల కన్నున్న పల్చటి జాలీ ఇస్తారు. పేరు చూసి కొనేస్తారు. అది కోడిని బయటికి పోనివ్వదు, అంతే. లోపలికి వచ్చేవాటిని ఆపదు. కుక్క పళ్లతో పట్టి లాగితే చినుగుతుంది, అంగుళం కన్నులోంచి నాగుపాము, జెర్రిపోతు దూరిపోతాయి. దూరి గుడ్డు మింగాక పొట్ట పట్టక బయటికి రాలేక అక్కడే చుట్టుకుని ఉంటుంది. పొద్దున గుడ్లకని చెయ్యి పెట్టేది మీరే.

వెల్డ్ మెష్ అని అడగండి, తీగలు కలిసినచోటల్లా వెల్డింగ్ చేసిన చదరపు కన్నుల జాలీ అది. నేల నుంచి రెండు అడుగుల ఎత్తు వరకు అర అంగుళం కన్ను, ఆపైన ఒక అంగుళం కన్ను. తీగ మందం గేజ్‌లో చెబుతారు. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 24 గేజ్ చూపించి ఎక్కువ నంబరు కదా, గట్టిది అని అమ్మినవాణ్ణి నేను చూశాను. అర అంగుళం కన్నులో 18 గేజ్ దొరికితే తీసుకోండి. ఖర్చు రెట్టింపవుతుంది. రేకుల దగ్గర తగ్గించుకోండి, పాత రేకులు చాలు.

బాదులకు జాలీని బైండింగ్ వైరుతో నాలుగు చోట్ల కట్టి వదిలేయకండి. యూ మేకులు కొట్టి, వాటిపైన చెక్క రీపర్, అంటే సన్నటి చెక్క పట్టీ, పెట్టి మేకులతో బిగించండి. ఇనుప పైపులైతే పట్టీ పెట్టి వెల్డింగ్ చేయించండి.

కింది అంచు: ఇక్కడే తొందరపడొద్దు

మామూలుగా అందరూ చెప్పేది, జాలీని నేలలోకి అడుగు లోతు నిలువుగా పాతమని. నేనూ మొదట్లో అదే చేశాను. నల్లరేగడి ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలు వారుతుంది, ఆ బీట సరిగ్గా తవ్విన గాడి వెంటే వస్తుంది. ఇసుక నేలలో తవ్విన గాడి తవ్వినట్టే కూలుతుంది. మట్టిలో ఉన్న జాలీ తుప్పు పట్టి ఎప్పుడు తెగిందో మనకు కనపడదు కూడా. ఇన్ని చేసినా పందికొక్కు అడుగు కంటే లోతుకే బొరియ తీస్తుంది.

అందుకే జాలీని పాతకండి, పరవండి. తవ్వే జంతువు ఎప్పుడూ గోడ దగ్గరికొచ్చి గోడ మొదట్లోనే గోకుతుంది. కాలి కింద జాలీ తగిలితే ఇంకాస్త పక్కకు జరిగి మళ్లీ గోడ పక్కనే గోకుతుంది. వెనక్కి అడుగున్నర వెళ్లి అక్కడి నుంచి తవ్వుకు రావాలని దానికి తోచదు. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా అలా రావడం నేను చూడలేదు.

రెండు అడుగుల వెడల్పు అర అంగుళం జాలీ తీసుకోండి. పొడవునా ఆరు అంగుళాల దగ్గర మడవండి. చేత్తో మడిస్తే గుండ్రంగా వంగి నేలకు ఆనదు, కాబట్టి చెక్క పలక అంచున పెట్టి సుత్తితో కొట్టి మడవాలి. ఆరు అంగుళాలు నిలువు జాలీకి ఆనాలి, మిగిలిన అడుగున్నర బయటివైపు నేల మీద పరుచుకోవాలి. బయటివైపు అని మళ్లీ చెబుతున్నాను. లోపలివైపు పరిచి కోళ్ల గోళ్లు తెగాయని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు.

పరిచే ముందు పైమట్టి మూడు అంగుళాలు గీకి పక్కన పోసుకోండి, రాళ్లు ఏరేయండి. ఎగుడుదిగుడు నేలపై పరిస్తే కింద బోలు మిగులుతుంది, పందికొక్కుకు అంతకంటే ఏం కావాలి? నిలువు జాలీకి, మడిచిన ముక్కకు మధ్య ప్రతి నాలుగు అంగుళాలకు ఒక వైరు ముడి వేయాలి. విసుగొస్తుంది. అడుక్కొకటి చాలదా అంటారు. అడుక్కొకటి వేసి ఆ మధ్యలో వేళ్లతో లాగి చూడండి, నోరు తెరుచుకుంటుంది. ముక్క తర్వాత ముక్క వేసేచోట ఆరు అంగుళాలు ఒకదానిపై ఒకటి రావాలి, అక్కడా వైరు ముడులే.

ఇప్పుడు మూలలు. నన్ను పిలిపించి 'అంతా మీరు చెప్పినట్టే చేశాం, అయినా వచ్చింది' అని చూపించిన ప్రతిచోటా తప్పు మూలలోనే ఉంది. రెండు వైపుల నుంచీ పరిచిన జాలీలు మూల దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. వాటి మధ్య అడుగున్నర చదరంలో నేల ఖాళీగా ఉంటుంది. మనం నిలబడి చూస్తే రెండు వైపులా జాలీ ఉంది కాబట్టి మూల కూడా నిండినట్టే అనిపిస్తుంది. ముంగిస మాత్రం మూలనే ఇష్టపడుతుంది, అక్కడ దాని ఒంటికి రెండు వైపులా ఆసరా. ప్రతి మూలకూ రెండు అడుగుల చదరపు ముక్క విడిగా కోసి, రెండు వైపుల జాలీల మీదకు ఎక్కేలా వేసి కుట్టండి. ఆవరణ నాలుగు మూలలే కాదు, జాలీ వచ్చి గూటి గోడకు తగిలే రెండు చోట్లా కూడా చూడాలి. బండకూ మొదటి స్తంభానికీ మధ్య వేలెడు సందు ఉండిపోతుంది, దాన్ని సిమెంటుతో పూడ్చండి. నా లెక్క ఒకటే: నా బొటనవేలు దూరితే అది సందు కాదు, దారి.

గూటివైపు ఆరు అడుగులు తీసేస్తే చుట్టూ పరవాల్సింది 34 అడుగులు. 34 అడుగులే కొనకండి. మూలల ముక్కలకు, అతుకులకు కలిపి 45 అడుగులు కొనండి.

ఆరు మిల్లీమీటర్ల ఇనుప చువ్వను యూ ఆకారంలో వంచి, జాలీ బయటి అంచు వెంట అడుగున్నరకు ఒకటి చొప్పున నేలలోకి దిగ్గొట్టండి. గీకిన మట్టి తిరిగి పోసి తొక్కండి. తొలకరికి ముందు చేస్తే ఆ వానల్లోనే గరిక జాలీ కన్నుల్లోంచి లేచి వేళ్లతో దాన్ని నేలకు కుట్టేస్తుంది. ఆ తర్వాత గడ్డపారతో పెకలించినా రాదు. ఎండాకాలంలో కట్టాల్సి వస్తే అప్పటివరకు అంచు మీద రాళ్లు పేర్చి ఉంచండి.

తలుపు దగ్గర జాలీ ఆపేయకండి. గడప కింద నుంచి కొనసాగాలి. గడపగా నాలుగు అంగుళాల మందం రాయి పెట్టి, తలుపు లోపలికి తెరుచుకునేలా బిగించండి. బయటికి తెరిచే తలుపు నేలపై పరిచిన జాలీకి తగులుతుందని కింద కోసేస్తారు, అదే దారి. గొళ్లేలు పైన ఒకటి, కింద ఒకటి. మధ్యలో ఒక్కటే పెడితే కుక్క కింది మూల తోస్తే తలుపు విల్లులా వంగుతుంది.

పైన, లోపల

రేకు అలలుగా ఉంటుంది కాబట్టి గోడ మీద కూర్చున్నచోట ప్రతి అల కిందా ఒక కన్నం. బావురుపిల్లి ఎక్కి అక్కడి నుంచే చెయ్యి పెడుతుంది, పాము సరేసరి. మిగిలిన జాలీ ముక్కలు చుట్టి ఆ కన్నాల్లో కూరి మేకులు కొట్టండి. ఆవరణ పైన గద్దల కోసం పాత చేపల వల చాలు. అంచులు నేలదాకా వేలాడనివ్వకండి, పాములు చిక్కుకుని ఊపిరాడక చస్తాయి. ఆ వల బావురుపిల్లిని ఆపదు, అందుకే చీకటి పడగానే కోళ్లు గూట్లోకి, గూటికీ ఆవరణకూ మధ్య ఉండే అడుగు చదరపు చిన్న తలుపు మూత.

గూట్లో రెండు అడుగుల ఎత్తున పడుకునే కర్ర, కోడికి తొమ్మిది అంగుళాల చోటు. రెండు అంగుళాల వెడల్పు చెక్క అయితే కాళ్లు కుదురుగా ఆనతాయి. వెదురు జారుతుంది, నేను వాడను. గుడ్లు పెట్టే పెట్టెలు కర్ర కంటే కిందుండాలి, లేకపోతే పెట్టెల్లోనే పడుకుని రెట్టలు వేస్తాయి. పది కోళ్లకు రెండు చాలు, పాత మామిడిపళ్ల క్రేట్లు అయినా సరే. నేల మీద మూడు అంగుళాల ఊక, తడిసినచోట తీసేసి కాస్త సున్నం చల్లడం. నీళ్ల డబ్బా నీడలో.

కొత్త కోళ్లను నాలుగు రోజులు గూట్లోనే మూసి ఉంచండి, అదే ఇల్లని తెలుస్తుంది. ఐదో రోజు ఆవరణలోకి వదలండి. ఆ వారంలోనే ముంగిస వచ్చి కంచె చుట్టూ ఒక చుట్టు తిరిగి చూస్తుంది. సాయంత్రం కోళ్లను లెక్కపెట్టాక మీరూ బయటివైపు ఒక చుట్టు తిరగండి, గోకిన గుర్తులు మూలల్లోనే కనిపిస్తాయి. అక్కడ ఇంకో రెండు తట్టల మట్టి పోసి, పైన ఒక బండ పెట్టండి.