మేవెన్‌తో రిలీజ్ – 4వ పాఠం: ప్రిపేర్, పెర్‌ఫామ్

గత పాఠంలో పామ్ ఫైల్‌లో (మేవెన్ అనే బిల్డ్ టూల్‌కు మన ప్రాజెక్టు వివరాలు చెప్పే ఫైల్) ఎస్‌సీఎం భాగం (కోడ్ ఎక్కడ ఉందో చెప్పేది) రాసి, గిట్ చిరునామా ఇచ్చాం. అది రాయనివాళ్లు ముందు ఆ పని పూర్తి చేయండి. లేకపోతే ఈ పాఠం మొదట్లోనే ఆగిపోతుంది.

మన ప్రాజెక్టు ఇప్పుడు 1.4.0-స్నాప్‌షాట్ మీద, అంటే ఇంకా తయారీలో ఉన్న వెర్షన్ మీద ఉంది. దాన్ని 1.4.0గా విడుదల చేయాలి. వెర్షన్ చేత్తో మార్చి, జార్ (జావా కోడ్‌ను కట్టిన ప్యాకేజీ ఫైల్) కట్టి పంపేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఒక్కరే పనిచేసే ప్రాజెక్టుకు సరిపోతుందేమో. నలుగురు కలిస్తే మాత్రం ఏ జార్ ఏ కోడ్ నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

అందుకే మేవెన్ రిలీజ్ ప్లగిన్ వాడతాం. దాని రిలీజ్:ప్రిపేర్ కమాండ్ ముందుగా రెండు విషయాలు చూస్తుంది: గిట్‌లో కమిట్ (నమోదు) చేయని మార్పులు ఉన్నాయా, స్నాప్‌షాట్ డిపెండెన్సీలు (మన కోడ్ వాడుకునే, ఇంకా తయారీలో ఉన్న లైబ్రరీలు) మిగిలాయా. ఏది ఉన్నా ఆగిపోతుంది. తర్వాత మూడు ప్రశ్నలు అడుగుతుంది: రిలీజ్ వెర్షన్, ట్యాగ్ (గిట్‌లో ఆ కోడ్‌కు వేసే గుర్తు) పేరు, తర్వాతి వెర్షన్. ఎంటర్ కొట్టుకుంటూ పోతే 1.4.0 తర్వాత 1.4.1-స్నాప్‌షాట్ వస్తుంది. మీకు 1.5.0 కావాలంటే అక్కడే టైప్ చేయండి. ఆ పైన టెస్టులు నడిపి, కమిట్ చేసి, ట్యాగ్ వేసి, కొత్త స్నాప్‌షాట్ వెర్షన్‌తో ఇంకో కమిట్ చేస్తుంది. మీరు వద్దనకపోతే వీటన్నిటినీ గిట్ సర్వర్‌కు పుష్ కూడా చేసేస్తుంది. అందుకే మొదటిసారి డ్రైరన్ ఆప్షన్ పెట్టి నడపండి. గిట్‌ను ముట్టుకోకుండా, పామ్ ఎలా మారబోతోందో పక్కన వేరే ఫైళ్లలో రాసి చూపిస్తుంది. చూశాక రిలీజ్:క్లీన్‌తో వాటిని తుడిచేసి, అసలుది నడపండి.

రిలీజ్:పెర్‌ఫామ్ మీ ఫోల్డర్‌లోని కోడ్‌ను వాడదు. ట్యాగ్‌ను టార్గెట్ కింద చెకౌట్ అనే ఫోల్డర్‌లోకి కొత్తగా తెచ్చుకుని, అక్కడ బిల్డ్ చేసి, జార్‌లు ఉంచే రిపాజిటరీకి పంపుతుంది. గిట్ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉన్న ఏదో కాన్ఫిగ్ ఫైల్ మీద మీ టెస్టు ఆధారపడి ఉంటే, ప్రిపేర్‌లో పాసై ఇక్కడ ఫెయిలవుతుంది. కాస్త టెన్షన్ పెట్టినా మంచిదే, ఆ లోపం మన దగ్గరే బయటపడింది.

ప్రిపేర్ మధ్యలో ఆగితే కారణం సరిచేసి మళ్లీ అదే కమాండ్ ఇవ్వండి, ఆగిన చోటి నుంచి సాగుతుంది. పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే రిలీజ్:రోల్‌బ్యాక్ ఉంది. అది అయ్యాక ట్యాగ్ ఇంకా ఉందేమో గిట్‌లో మీరే చూసుకోండి, ప్లగిన్ పాత వెర్షన్లు దాన్ని తీసేయవు. పెర్‌ఫామ్ అయ్యాక మాత్రం ఈ అవకాశం లేదు. మేవెన్ సెంట్రల్‌లోకి (అందరూ వాడే పబ్లిక్ రిపాజిటరీ) వెళ్లిన వెర్షన్‌ను మార్చలేం, తీసేయలేం. తప్పు దొరికితే 1.4.1 విడుదల చేయాల్సిందే.

వచ్చే పాఠం లోపు ఓ చిన్న ప్రాజెక్టు మీద డ్రైరన్ చేసి, పామ్ పక్కన పుట్టిన ట్యాగ్, నెక్స్ట్ ఫైళ్లను అసలు పామ్‌తో పోల్చి చూడండి.