యూఎస్‌బీ సిడ్ బోర్డు పలకడం లేదా? ముందు కోడ్ నంబరు చదవండి

కమోడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్‌లో శబ్దం పుట్టించే సిడ్ చిప్‌ని యూఎస్‌బీ బోర్డు మీద కూర్చోబెట్టి, ఒంగోలులో మా ఇంట్లో ఆ పాత ట్యూన్లు వింటుంటాను. 1982 నాటి చిప్, మూడే గొంతులు, అంటే ఒకేసారి మూడు స్వరాలే పలుకుతుంది. ఆ కంప్యూటర్‌ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాంలో ఎంత బాగా వినిపించినా అసలు చిప్ ఫిల్టర్‌లోని గరుకుదనం నాకు దొరకలేదు. ఇంత శ్రమా దానికోసమే.

బోర్డుతో విండోస్‌ని మాట్లాడించే ప్రోగ్రాం డ్రైవర్. అది ఎవరు చేశారో రుజువు చేసే డిజిటల్ ముద్ర సంతకం. డ్రైవర్‌కి సంతకం లేదని విండోస్ చెప్పగానే చాలామంది సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ), యాంటీవైరస్, కనిపించినవన్నీ ఒక్క ఊపున ఆపేస్తారు. ఏది ఆపితే పనైందో తర్వాత తెలియదు, తిరిగి ఆన్ చేయడమూ గుర్తుండదు. అలా చేయకండి. డివైజ్ మేనేజర్‌లో బోర్డు పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో లోపం కోడ్ ఎంతో చూడండి. దారి అక్కడే తేలుతుంది.

డివైజ్ మేనేజర్‌లో పసుపు హెచ్చరిక గుర్తు లేదు, స్పీకర్లో శబ్దమూ లేదు

ఇది సౌండ్ కార్డు కాదు. కంప్యూటర్ చిప్ రిజిస్టర్లకు, అంటే దాని లోపలి అంకెల గడులకు, అంకెలు పంపుతుంది, అంతే. శబ్దం బోర్డు మీది జాక్ నుంచి వస్తుంది. అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కో, కంప్యూటర్ లైన్ ఇన్‌కో వైరు వేయండి.

వైరు ఉన్నా, ట్యూన్లు వినిపించే ప్రోగ్రాం (ప్లేయర్) "బోర్డు లేదు" అంటే, అది బోర్డుతో మాట్లాడటానికి వాడే హార్డ్‌సిడ్ డీఎల్ఎల్ ఫైలు చూడండి. 32-బిట్ ప్లేయర్‌కి 32-బిట్ ఫైలే కావాలి. విండోస్ 64-బిట్ కదా అని 64-బిట్ ఫైలు పెడితే పలకదు.

కోడ్ 28: డ్రైవరే లేదు

డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీ చదవండి. వీఐడీ (తయారీదారు నంబరు) 0403 అని ఉంటే బోర్డు మీది యూఎస్‌బీ చిప్ ఎఫ్‌టీడీఐ కంపెనీది. దాని డ్రైవర్‌కి సంతకం ఉంది, విండోస్ అప్‌డేట్‌లోనే మామూలుగా దొరుకుతుంది. కింద సంతకం గురించి చెప్పేదేదీ మీకు అక్కర్లేదు.

కోడ్ 52: సంతకం సరిపోలేదు

అసలు చిక్కు ఇక్కడే. 64-బిట్ విండోస్ విస్టా నుంచి కెర్నెల్‌లోకి, అంటే విండోస్ గుండెకాయలోకి, వెళ్లే డ్రైవర్‌కి సంతకం తప్పనిసరి. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న కొత్త ఇన్‌స్టలేషన్లలో కొత్త డ్రైవర్ల మీద మైక్రోసాఫ్ట్ సంతకమే ఉండాలి. ఇంట్లో సరదాకి బోర్డు చేసిన మనిషికి అంత ప్రక్రియ ఎక్కడ కుదురుతుంది!

ముందు తేలికైనది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి మళ్లీ రీస్టార్ట్ చేసి 7 నొక్కండి. తర్వాత డ్రైవర్ ఎక్కించండి. అయితే ఇది ఆ ఒక్క బూట్‌కే. కావలి నుంచి మా బామ్మర్ది ఒక పొద్దున ఫోన్ చేశాడు.

"బావా, రాత్రి బ్రహ్మాండంగా మోగింది. ఇప్పుడు చూస్తే మళ్లా 52 చూపిస్తా ఉండాది!"

"రాత్రి కరెంటు పొయ్యిందా?"

"పొయ్యి వచ్చింది."

"అదేరా మరి. మళ్లా బూట్ అయింది గదా."

ఎప్పుడూ పనిచేయాలంటే, ఫైలు మీద పాత సంతకమైనా ఉందేమో చూడండి. డ్రైవర్ తాలూకు సిస్ ఫైలు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ ఉండి, గుర్తింపు పొందిన సంస్థ సర్టిఫికెట్ కనిపిస్తే, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఒక్కటీ ఆపితే చాలావరకు సరిపోతుంది. ఆపే ముందు, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. లేదంటే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

అదీ కాకపోతే, డ్రైవర్లను పరీక్షించడానికి విండోస్‌లో ఉన్న టెస్ట్ మోడ్. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బీసీడీఎడిట్, ఖాళీ, స్లాష్ సెట్, ఖాళీ, టెస్ట్‌సైనింగ్, ఖాళీ, ఆన్ అని కొట్టి రీస్టార్ట్ చేయాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఈ కమాండ్‌ని తిప్పికొడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: టెస్ట్ మోడ్ సొంతంగా చేసుకున్న సంతకాన్ని ఒప్పుకుంటుంది గానీ, అసలు సంతకమే లేని ఫైలుని ఒప్పుకోదు. తెర మూల మీద టెస్ట్ మోడ్ అని కనిపిస్తూ కూడా 52 వస్తుంటే కారణం అదే. నెట్ బ్యాంకింగ్ చేసే కంప్యూటర్‌లో మాత్రం ఈ పని చేయకండి. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి దీనికే కేటాయించండి. ప్రయత్నం అయిపోయాక అదే కమాండ్ చివర ఆఫ్ అని కొట్టి వెనక్కి తీసుకోండి.

మీ ప్లేయర్ విండోస్‌తోనే వచ్చే విన్‌యూఎస్‌బీ డ్రైవర్ ద్వారా బోర్డుతో మాట్లాడగలిగితే ఈ గొడవంతా తప్పుతుంది. జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాం బోర్డుకి మైక్రోసాఫ్ట్ సొంత విన్‌యూఎస్‌బీ డ్రైవర్‌ని తగిలిస్తుంది. వీలున్నచోట నేను ఎంచుకునే దారి ఇదే. జాబితాలో పొరపాటున కీబోర్డుని ఎంచుకోకుండా చూసుకోండి.

డ్రైవర్ లోడ్ కాదని విండోస్ సెక్యూరిటీ హెచ్చరిక

ఇది మెమరీ ఇంటిగ్రిటీ అనే విండోస్ రక్షణ చేసే పని. డివైజ్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ తెరిస్తే అక్కడే ఉంటుంది. ఆపి, రీస్టార్ట్ చేసి చూడండి.

పలుకుతోంది, శ్రుతి కాస్త ఎక్కువగా ఉంది

యూరప్ కమోడోర్‌లో చిప్ 985,248 హెర్ట్జ్ వేగంతో నడిచేది. బోర్డు మీద వేగాన్ని నిర్ణయించే క్రిస్టల్ 1 మెగాహెర్ట్జ్‌ది ఉంటే శ్రుతి అర్ధస్వరంలో నాలుగో వంతు పైకి పోతుంది. డ్రైవర్ మార్చి ప్రయోజనం లేదు.

అంతా సరిగ్గా ఉంది, చిప్ మాత్రం మౌనం

సిడ్ చిప్ రెండు రకాలు: పాత 6581కి 12 వోల్టులు, తర్వాత వచ్చిన 8580కి 9. బోర్డు మీద వోల్టేజీని మార్చే జంపర్ ఎటు ఉందో చిప్ పెట్టకముందే చూడండి. 8580కి 12 ఇస్తే చిప్ పోయే ప్రమాదం ఉంది. ముందువైపు పోర్టులు, పవర్ లేని హబ్బులు వదిలేసి మదర్‌బోర్డు వెనక పోర్టుకే గుచ్చండి.

మా సముద్రపు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొత్తపట్నం స్నేహితుడి బోర్డు మీద నేను రెండు సాయంత్రాలు డ్రైవర్లు మార్చి మార్చి చూశాను. చివరికి చిప్ ఊడదీస్తే కాళ్లన్నీ నల్లగా ఉన్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో ఒక్కో కాలూ తుడిచి, సాకెట్‌లో మెల్లగా నొక్కి కూర్చోబెట్టాను. ప్లే కొట్టగానే మూడు గొంతులూ పలికాయి.