గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్తున్నారా? ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు

పిల్లలకు సెలవులిచ్చి, ఇండియా నుంచి అమ్మానాన్నలు కూడా వచ్చారంటే హ్యూస్టన్‌లో మనవాళ్లకు ముందుగా తట్టే ట్రిప్ గాల్వెస్టన్ దీవి. పొద్దున్నే పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని, పులిహోర డబ్బాలు కారులో పెట్టుకుని సముద్రానికి. డాలస్ వాళ్లయితే ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని మరీ వస్తారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రద్దీ బాగా ఉంటుంది. నీళ్లు వేడెక్కేదీ, మధ్యాహ్నాలు ఉరుములు వచ్చేదీ, తుపాన్లు పుట్టేదీ ఆ నెలల్లోనే. అలాగని మానుకోవాల్సిన చోటేం కాదు. కాకపోతే ఇక్కడ ఈత వచ్చా రాదా అని చూసుకునే ముందు, ఏ చోట దిగుతున్నామో చూసుకోవాలి.

గాల్వెస్టన్ నీళ్లు మట్టి రంగులో ఉంటాయి. నదులు తెచ్చే ఒండ్రు వల్ల వచ్చే రంగు అది, చూడగానే ముఖం చిట్లించక్కర్లేదు. అయితే అడుగు కనిపించదు. చాలా దూరం మోకాలి లోతే కదా అని నడుస్తూ పోతారు, ఉన్నట్టుండి నడుము దాటిపోతుంది. ఇసుక తిన్నెకీ తిన్నెకీ మధ్య పల్లాలు ఉంటాయి. పైగా నీళ్లు ఒడ్డు వెంబడి పక్కకు లాగుతుంటాయి. పది నిమిషాలు ఆడుకుని తల తిప్పి చూస్తే మన గొడుగు ఎక్కడో దూరంగా ఉంటుంది. అలా పక్కకు కొట్టుకుపోతూ ఎక్కడికి చేరతామన్నదే అసలు సమస్య.

సీవాల్ (సముద్రాన్ని ఆపడానికి కట్టిన గోడ) రోడ్డు వెంబడి కొంత కొంత దూరానికి సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ల కట్టలు కనిపిస్తాయి. ఒడ్డు కోతకు గురి కాకుండా కట్టినవి. ఫొటోలకు బాగుంటాయి, అందుకే మనవాళ్లు నేరుగా అక్కడికే నడుస్తారు. ఒడ్డు వెంట వచ్చే ప్రవాహం ఆ రాళ్లకు తగిలి లోపలికి మళ్లుతుంది, పక్కనే అడుగు కోసుకుపోయి లోతు ఏర్పడుతుంది. మిగతా బీచ్ ప్రశాంతంగా ఉన్న రోజు కూడా అక్కడ రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రం లోపలికి లాగే బలమైన ప్రవాహం, ఉండొచ్చు. రాళ్ల పక్కన దిగవద్దని బోర్డులు పెట్టింది అందుకే. రాళ్ల మీదికి ఎక్కడం కూడా అంత మంచిది కాదు: పాచి జారుతుంది, గవ్వపెంకులు కాళ్లు కోస్తాయి.

ఇంతకన్నా ప్రమాదమైనవి దీవి రెండు కొనలు. పడమటి కొన శాన్ లూయిస్ పాస్. దీవి వెనక ఉన్న ఖాతంలో నీళ్లు ఆటుపోట్లకు ఆ ఇరుకు సందులోంచి లోపలికీ బయటికీ పోతాయి. పైకి నిమ్మళంగా, జనం లేకుండా, అందంగా ఉంటుంది. చేపలు పట్టేవాళ్లు నీళ్లలో నిలబడి ఉండటం చూసి మనకీ ధైర్యం వస్తుంది. అక్కడ ఈతే కాదు, నీళ్లలోకి దిగి నడవడం కూడా నిషేధం. ఎంతోమంది మునిగిపోయిన చోటది. తూర్పు కొనన ఓడల కాలువ వైపూ ఇదే నిషేధం ఉంది.

మరి ఎక్కడ దిగాలంటే, లైఫ్‌గార్డ్ టవర్ ఎదురుగా. కుటుంబంతో అయితే స్టీవర్ట్ బీచ్ నయం, మద్యానికి అనుమతి లేదు. ఈస్ట్ బీచ్‌లో ఉంది కాబట్టి సెలవు రోజుల్లో అక్కడ గోల వేరేలా ఉంటుంది. రాగానే లైఫ్‌గార్డ్ దగ్గరికి వెళ్లి ‘ఈరోజు నీళ్లెలా ఉన్నాయి’ అని అడగండి. మొహమాటం అక్కర్లేదు, వాళ్ల పనే అది. జెండాలు కూడా చూసుకోవాలి. ఆకుపచ్చ అంటే సముద్రం కాస్త శాంతంగా ఉన్నట్టు, పసుపు అంటే జాగ్రత్తగా ఉండమని, ఎరుపు అంటే ప్రమాదం ఎక్కువని. ఊదా జెండా కుట్టే జెల్లీచేపల లాంటి వాటికి, నారింజ రంగు గాలి లేదా నీటి నాణ్యత హెచ్చరికకు. ఎర్రజెండా రోజున ఈత రానివాళ్లు నీళ్ల జోలికే పోకూడదు. సాయంత్రం చల్లబడ్డాక దిగుదామనుకుంటారు చాలామంది, అప్పటికి టవర్లు ఖాళీ అయిపోతాయి.

ఎవరైనా రిప్ కరెంట్‌లో చిక్కుకుంటే ఒడ్డు వైపే ఈదాలని చూస్తారు, అలిసిపోతారు, మునుగుతారు. ప్రవాహం లోపలికి లాగుతుంది తప్ప కిందికి లాగదు. వెల్లకిలా తేలుతూ నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఉండాలి, చెయ్యి ఊపి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లకు ఇంకా ముఖ్యమైన మాట ఒకటుంది. ఒకరి కోసం ఒకరు దూకి ఇద్దరూ పోయిన వార్తలు, అందులోనూ మన విద్యార్థుల వార్తలు, వింటూనే ఉన్నాం. దూకకండి. ఖాళీ ఐస్‌బాక్స్, బంతి, తేలేది ఏదైనా విసరండి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి, 911కి కొట్టండి. సీవాల్ మీద వీధులకు నంబర్లుంటాయి కాబట్టి ఏ వీధి ఎదురుగా ఉన్నారో ముందే గమనించి పెట్టుకుంటే చెప్పడం తేలిక.

అమ్మలు, అత్తయ్యలు చీరతోనే అలల్లో నిలబడతారు. పాదాలు తడుపుకోవడం వరకు ఏ ఇబ్బందీ లేదు. నడుము దాకా వెళ్తే మాత్రం తడిసిన చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, పడ్డవాళ్లు లేవలేరు. ‘అత్తయ్యా, మోకాళ్ల వరకే’ అని ముందే చెప్పి, పక్కన ఒకరు నిలబడండి. పిల్లలకు గాలి ఊదే రింగులు, చేతి ఫ్లోటీలు నమ్మొద్దు, గాలికి అవే లోపలికి తీసుకుపోతాయి. కోస్ట్‌గార్డ్ ఆమోదం ఉన్న లైఫ్ జాకెట్ కొనండి. పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ పక్కన పెట్టి పిల్లల్నే చూస్తుండాలి, అందరం చూస్తున్నాంలే అనుకుంటే ఎవరూ చూడనట్టే.

షుగర్ ఉన్నవాళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామందికి ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు జూలై ఇసుక కాలుస్తున్నా తెలియదు, పెంకు గుచ్చుకున్నా తెలియదు. నీళ్లలో కూడా వాడగలిగే బూట్లు వేయించండి. వెచ్చటి సముద్రపు నీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఇది పుండు ద్వారా లోపలికి పోతే అరుదుగానే అయినా ప్రాణం మీదికి వస్తుంది. కాలేయ జబ్బు, షుగర్, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. మానని గాయం ఉంటే నీళ్లలో దిగనివ్వొద్దు, పచ్చి ఆయిస్టర్లు తిననివ్వొద్దు. బీచ్‌కి వెళ్లొచ్చాక గాయం ఎర్రబడి వాచి, విపరీతంగా నొప్పి పుట్టి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, సముద్రంలో దిగామన్న సంగతి చెప్పాలి. ఇన్సులిన్ కారులో వదిలేస్తే పాడవుతుంది. ఐస్‌బాక్స్‌లో పెట్టినా ఐస్‌కి తగలకుండా గుడ్డలో చుట్టాలి, గడ్డకట్టినా పనికిరాదు.

జెల్లీచేప కుడితే సముద్రపు నీళ్లతోనే కడగాలి, ఇసుకతో రుద్దకూడదు. ఇసుకలో దాక్కుని తోక ముల్లుతో పొడిచే స్టింగ్‌రే చేపల మీద కాలు పడకుండా నీళ్లలో పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. ఉరుము వినపడితే లేచి కారులోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. గొడుగు కింద కూర్చుంటే పిడుగు నుంచి రక్షణ ఉండదు.

సముద్రం బాగాలేని రోజున ట్రిప్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. నన్నడిగితే పెద్దవాళ్లకు ఆ రోజే సుఖం. మూడీ గార్డెన్స్‌లో గాజు పిరమిడ్ల లోపల అక్వేరియం, వర్షారణ్యం ఉన్నాయి. పాత వీధి స్ట్రాండ్, బిషప్స్ ప్యాలెస్, 1877లో నీళ్లకు దిగిన తెరచాప ఓడ ఎలిస్సా చూడొచ్చు. పక్కనున్న బోలివర్ ద్వీపకల్పానికి వెళ్లే ఫెర్రీ పూర్తిగా ఉచితం, కారుతో సహా ఎక్కొచ్చు, సుమారు 20 నిమిషాల ప్రయాణంలో డాల్ఫిన్లు కనిపించే అవకాశం బాగా ఉంది. వారాంతాల్లో క్యూ పొడవు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. గాలి ఎక్కువైతే, పొగమంచు పడితే ఆపేస్తారు.

ఇక తుపాన్లు. సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. 1900 సెప్టెంబర్ 8న వచ్చిన తుపానుకు ఈ ఊళ్లో కనీసం 6,000 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో అంతమందిని బలిగొన్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు. మీరు నడిచే సీవాల్ 17 అడుగుల ఎత్తున ఆ తర్వాత కట్టిందే. 2008లో ఐక్ వచ్చినప్పుడు నీళ్లు గోడ లేని ఖాతం వైపు నుంచి కూడా ఊళ్లోకి వచ్చాయి. 2024 జూలైలో వచ్చిన బెరిల్ మొదటి కేటగిరీదే (గాలి వేగాన్ని బట్టి ఇచ్చే ఐదు స్థాయిల్లో అన్నిటికన్నా తక్కువది), అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కాబట్టి కేటగిరీ నంబర్ చూసి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ సముద్రం, అంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఎక్కడో దూరాన తుపాను ఉన్నా, ఇక్కడ ఎండ కాస్తున్నా, రిప్ కరెంట్లు ముందే బలపడతాయి.

బయల్దేరే ముందు నేషనల్ హరికేన్ సెంటర్ పేజీ ఒకసారి చూడండి. హోటల్ బుకింగ్ రద్దు చేసుకోగలిగేదిగా ఉండాలి. దీవి నుంచి హ్యూస్టన్ వైపు ప్రధాన దారి ఐ-45 హైవే వంతెనే. 2005లో రీటా తుపానుకు అందరూ ఒక్కసారే కదిలితే హ్యూస్టన్ చుట్టూ రోడ్లు గంటల తరబడి స్తంభించాయి, ఆ ప్రయాణంలోనే పదుల సంఖ్యలో చనిపోయారు. పర్యాటకులు వాచ్ (తుపాను రావొచ్చన్న ముందస్తు ప్రకటన) రాగానే బయల్దేరిపోవాలి, వార్నింగ్ (తుపాను వస్తోందన్న హెచ్చరిక) దాకా ఆగితే ఊరివాళ్లతో పాటు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. కారులో పెట్రోల్ సగానికి తగ్గనివ్వకండి. అమ్మానాన్నల పాస్‌పోర్టులు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కార్డు, మందుల చీటీ ఫొటోలు మీ ఫోన్‌లోనే కాకుండా వాళ్ల ఫోన్‌లో కూడా ఉంచండి.