బల్లి తినకుండా వదిలేసిన పురుగులు: చలికాలం రాకముందే చూసుకోవాల్సినవి

పోయిన వారం నాకు తెలిసిన ఒకతను ఫోటో పంపాడు. ఇంట్లో గాజు ట్యాంకులో పెంచుకునే బల్లి, రెండేళ్ల లెపర్డ్ గెకో. వెనక కాలికి రెండు వేళ్లు సగానికి లేవు, తోక మొదట్లో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. "ఇదేదన్నా జబ్బా?" అని అడిగాడు. జబ్బు కాదు. రెండు రోజులు ఊరికి వెళ్తూ, పాపం ఆకలితో ఉంటుందేమో అని ట్యాంకులో మేతగా ముప్పై బతికున్న కీచురాళ్లు వదిలి వెళ్లాడు. ఆ రెండు రోజుల్లోనే ట్యాంకును వెచ్చగా ఉంచే హీట్ మ్యాట్ పాడైంది. చల్లబడిపోయిన బల్లి ఒక్క పురుగును కూడా ముట్టుకోలేదు. ఆకలేసిన పురుగులే దాన్ని తిన్నాయి.

కళ్ల మధ్య దూరం కన్నా పెద్ద పురుగు వెయ్యకూడదు, వేడి సరిగ్గా ఉండాలి లాంటివి బల్లిని తెచ్చుకున్న రోజే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్క మాట గురించి: "తర్వాత తింటుందిలే." నేను చూసిన గాయాల్లో చాలావాటికి మొదలు ఇదే.

బల్లికి సొంతంగా ఒంట్లో వేడి పుట్టదు. ట్యాంకు చల్లబడితే అది మందగిస్తుంది, తిన్నది అరగదు, మీద ఏదన్నా పాకినా విదిలించుకునే ఓపిక ఉండదు. కీచురాయి సంగతి వేరే. అది రాత్రి తిరిగే పురుగు, ఆకు, మాంసం ఏది దొరికినా తింటుంది, తేమ కోసం వెతుక్కుంటుంది. తిండీ నీళ్లూ లేని గాజు పెట్టెలో దానికి మెత్తగా, తేమగా దొరికేది ఏముంటుంది? బల్లి కనురెప్పలు, వేళ్ల సందులు, మలద్వారం దగ్గరి చర్మం. కుబుసం సగం ఊడి వేలాడుతుంటే ఇంకా సులువు, అక్కడి నుంచే కొరకడం మొదలుపెడతాయి. పిల్ల బల్లులు, జబ్బుపడినవి, చలికి తిండి తగ్గించి పడుకునే బియర్డెడ్ డ్రాగన్లు (ఇళ్లలో పెంచే ఇంకో రకం బల్లి), వీటికి ప్రమాదం ఎక్కువ. డ్రాగన్ తిండి తగ్గిస్తుంటే మనకు టెన్షన్, అందుకే ఇంకో నాలుగు వేస్తాం, అవీ మిగులుతాయి. తినని రోజు వెయ్యకండి, అంతే.

సమయం గురించి. డ్రాగన్ పగటి జీవి, లైటు ఆర్పడానికి కనీసం రెండు గంటల ముందే పురుగులు పెట్టడం అయిపోవాలి. అరగడానికి వేడి కావాలి, మిగిలినవి ఏరడానికి మనకూ టైం కావాలి కదా. గెకో చీకటి పడ్డాక లేస్తుంది కాబట్టి దానికి సాయంత్రం పెట్టొచ్చు, కానీ మీరు పడుకునేముందు ట్యాంకు ఖాళీగా ఉండాలి. పది పదిహేను నిమిషాల్లో తిన్నంతే దాని లెక్క. ఆ తర్వాత మిగిలింది తిండి కాదు.

ఎందుకు కాదంటే, పెట్టేముందు పురుగు మీద మీరు చల్లిన కాల్షియం పొడిని అది కొన్ని గంటల్లోనే ఒళ్లు తుడుచుకుని పోగొట్టుకుంటుంది. దాని పొట్టలో ఉన్న మంచి తిండి కూడా అరిగిపోతుంది. మర్నాడు బల్లి దాన్ని పట్టుకున్నా దక్కేది దాదాపు డొల్ల. ఇంకోటి, ఆకలేసిన కీచురాయి బల్లి రెట్ట కూడా తింటుంది. ఆ పురుగును బల్లి మళ్లీ మింగుతుంది. నులిపురుగులకు, కాక్సిడియాకు (పేగుల్లో చేరే సూక్ష్మజీవి) మందు వేసినా మళ్లీ మళ్లీ వస్తున్నాయని తలపట్టుకునేవాళ్లు ముందు ట్యాంకులో తిరుగుతున్న పాత పురుగుల సంగతి చూడాలి.

మీల్‌వర్మ్‌లు (మేతగా వేసే ఒక రకం పెంకు పురుగు పిల్లలు) బల్లి పొట్టను లోపల్నుంచి కొరుక్కుని బయటికొస్తాయని ఒక కథ తిరుగుతుంటుంది, నమ్మకండి. వాటిని నున్నటి గోడలున్న గిన్నెలో పెడితే చాలు. మట్టిలో పడితే మాత్రం దూరిపోతాయి, కొన్నాళ్లకు నల్ల పెంకు పురుగులై పైకొస్తాయి. సూపర్‌వర్మ్ కూడా అలాంటిదే, ఇంకా పెద్దది, దాని దవడలు గట్టివి, దాన్ని పట్టకారుతో అందించడమే మేలు.

ఏరడం ఎలా? లెక్కపెట్టి వెయ్యండి, లెక్కపెట్టి తీయండి. పది వేస్తే, ఎనిమిది తింటే, రెండు ఎక్కడో ఉన్నాయి. చప్పుడు లేదు కాబట్టి లేవనుకోకండి, కూసేది ఎదిగిన మగ కీచురాళ్లు మాత్రమే. దొరకనిదుంటే బల్లి పడుకునే చోటికి దూరంగా ఒక క్యారెట్ ముక్క, పక్కనే గుడ్ల అట్ట ముక్క పెట్టండి. రాత్రి దాని మీదికి చేరతాయి, పొద్దున్నే అట్ట ఎత్తి డబ్బాలోకి దులపడమే. దొరక్కపోయినా కనీసం క్యారెట్ తింటాయి, వేళ్ల జోలికి రాకపోవచ్చు. అలాగని క్యారెట్ ఉంది కదా అని పురుగుల్ని వదిలేయడం కాదు. తర్వాత తింటుందిలే అనే మాట మళ్లీ వచ్చిందంటే ఆ ఫోటో గుర్తు తెచ్చుకోండి.

ఇక మిగతావి వరుసగా చెప్పేస్తాను. ట్యాంకులో పురుగుల మందు కొట్టొద్దు, ట్యాంకు ఉన్న గదిలో కూడా వద్దు. జిగురు అట్ట లోపల పెట్టొద్దు, ముందు అంటుకునేది మీ బల్లే. బయట పట్టిన పురుగులు వెయ్యొద్దు. మిణుగురు అసలే వద్దు, ఒక్కటి తిన్నా డ్రాగన్ చచ్చిపోవచ్చు. మిగిలిన పురుగుల్ని పెరట్లో వదలొద్దు. నీళ్ల గిన్నెలో మునిగి చచ్చిన పురుగు కనిపిస్తే గిన్నె కడిగి నీళ్లు మార్చాలి. వేడి పోయిన రోజు, కరెంటు లేని రోజు పురుగు పడకూడదు. కుబుసం విడుస్తున్నప్పుడు కూడా వద్దు. ఊరెళ్తున్నారా? ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు, నీళ్లు పెట్టి వెళ్లండి. పెద్ద డ్రాగన్‌కు ఆకుకూర పెట్టండి. పిల్లలైతే ఎవరినన్నా వచ్చి చూడమనండి. వచ్చేవాళ్లకు "మిగిలినవి తీసేయ్" అని కాగితం మీద రాసి ట్యాంకుకు అంటించండి, నోటి మాట మర్చిపోతారు.

ఇప్పటికే కొరికి ఉంటే పురుగులన్నీ తీసేసి, మట్టి కూడా తీసి, అడుగున టిష్యూ పేపర్ పరవండి, వేడి సరిగ్గా ఉందో లేదో థర్మామీటరుతో చూడండి. మనుషులకు వాడే నొప్పి తగ్గించే ఆయింట్‌మెంట్ రాయొద్దు. సరీసృపాలను చూసే వెట్ డాక్టరుకు చూపించండి. వేలి చివర నల్లబడితే ఆ రోజే తీసుకెళ్లాలి.